నీటిని, రాతిని మోసిన ఇనుప వంతెన

ఊరిగాం రైలు నిలయమున బండి కొఱకు వేచియుండువారి చూపు పట్టాలపైకి పోక మానదు. బంగారుపేటలో పెద్ద రైలుదారి నుండి విడివడి, కోరమాండల్, ఊరిగాం, ఛాంపియన్ నిలయముల మీదుగా మారికుప్పము చేరు ఈ చిన్న దారి 1894లో తెఱువబడినది. దీని పొడవు సుమారు పది మైళ్ళు. నేడు దీనిపై ప్రయాణికులు బెంగుళూరునకు పోయి వచ్చుచున్నారు గాని, ఇది పుట్టినది వారి కొఱకు కాదు. బంగారు గనుల కొఱకు. దీని కంటెను సన్ననివి, మన తాతలకు మిక్కిలి పరిచితములైనవి మఱికొన్ని పట్టాలు ఈ నేల మీదను, నేల క్రిందను ఉండెడివి. వానిపై టబ్బులు నడచెడివి. రాయి నింపిన టబ్బును చేతులతో నెట్టుకొని పోవుటయే ఎందఱికో జీవనాధారమై యుండెను.

ఒకనాడు తరగతిలో ఈ ప్రసంగము వచ్చినపుడు విద్యార్థులు మమ్ము రెండు ప్రశ్నలడిగిరి. ఇనుపపట్టాలపై బండి నడపవలెనను ఊహ రైలుయంత్రమునకు ముందే ఉండెనా? ఉండెనేని, నడుమ నది అడ్డము వచ్చినపుడు ఆ కాలపువారు బండ్లను ఎట్లు దాటించిరి? మొదటి ప్రశ్నకు ఔననుట సులభము. రెండవదానికి సమాధానము చెప్పుటకు వేల్సు దేశమున 1793లో కట్టిన ఒక చిన్న వంతెన కథ చెప్పవలసియున్నది. ఆ కథలో మన ఊరికి వర్తించునవి పెక్కు గలవు గనుక దానిని ఇచ్చట కొంత విపులముగా వ్రాయుచున్నాము.

ట్రాము బాట యననేమి?

మట్టిబాటపై బరువైన బండి పోవునపుడు చక్రము నేలలో దిగబడును. ఎద్దుగాని గుఱ్ఱముగాని లాగు బలములో పెద్ద భాగము ఆ పల్లము నుండి చక్రమును పైకి తీయుటకే వ్యయమగును. చక్రము క్రింద గట్టిదియు, నునుపైనదియు నగు దారి యున్నచో అదే పశువు ఎన్నో రెట్ల బరువు లాగగలదు. ఐరోపాలోని గనివాండ్రు ఈ సంగతి గ్రహించి, మొదట కొయ్యదుంగలు పఱచి వానిపై బండ్లు నడపిరి. కొయ్య త్వరగా అరుగును గదా! ఇంగ్లండులోని కోల్‌బ్రూక్‌డేల్ ఇనుప కర్మాగారమువారు 1767లో కొయ్యపట్టాలపై పోతఇనుప పలకలు బిగించిరి. క్రమముగా పట్టా అంతయు ఇనుముతోనే పోయుట ఆరంభమయ్యెను.

ఇట్టి బాటలను ఆంగ్లేయులు ట్రాము బాటలనిరి. కొన్ని బాటలలో పట్టా అంచు పైకి లేచి, సాదా చక్రమును ప్రక్కకు జాఱనీయక ఆపెడిది. మఱికొన్నింట పట్టా సాదాగా నుండి, చక్రమునకే అంచు ఉండెడిది. నేటి రైలు ఈ రెండవ పద్ధతినే అనుసరించుచున్నది. ఈ బాటలపై బండ్లు లాగినవి గుఱ్ఱములు, కొన్నిచోట్ల మనుష్యులు. ఆవిరియంత్రము బండికి ఎక్కుటకు ఇంకను చాల ఏండ్లు పట్టెను.

మెర్థిర్ పట్టణమున ఏర్పడిన చిక్కు

వేల్సు ఇంగ్లండునకు పడమటనున్న కొండల దేశము. అచ్చటివారి సొంత భాష వేల్షు. అది ఆంగ్లమునకు ఒక యాస కాదు. పూర్తిగా వేఱైన ప్రాచీన భాష. ఆ దేశపు దక్షిణ భాగమున ట్యాఫ్ నదీతీరమున మెర్థిర్ టిడ్విల్ అను ఊరు కలదు. ఇనుపరాయి, బొగ్గు, సున్నపురాయి, పాఱు నీరు ఈ నాలుగును అచ్చట దగ్గఱగా దొరకుటచే పదునెనిమిదవ శతాబ్ది ఉత్తరార్ధమున ఆ పల్లె పెద్ద ఇనుప పట్టణమయ్యెను. అచ్చటి కర్మాగారములలో కవార్త్వా అనునది 1765లో స్థాపింపబడినది. దానిని తరువాత రిచర్డ్ క్రాషే అను వ్యాపారి చేపట్టి మిక్కిలి పెంచెను.

ఇనుము కరగించు కొలిమికి సున్నపురాయి ఎందులకని కొందఱడుగవచ్చును. ముడిఖనిజములో ఇనుముతోపాటు మన్ను, ఇసుక మొదలగు మలినములు కలసియుండును. సున్నపురాయి కొలిమివేడికి ఆ మలినములతో కలసి చిట్టెముగా మాఱి పైకి తేలును; శుద్ధమైన ఇనుపద్రవము అడుగున నిలుచును. కావున ఇనుపరాయి, బొగ్గు ఎంత ముఖ్యమో సున్నపురాయియు అంత ముఖ్యమే. నీరు మఱియొక విధమున అవసరము. కొలిమిలోనికి గాలి ఊదు యంత్రములను త్రిప్పునవి ఆ కాలమున నీటిచక్రములే. నీరు తగ్గినచో గాలి తగ్గును. గాలి తగ్గినచో కొలిమి చల్లబడును.

కవార్త్వావారికి సున్నపురాయి గర్నోస్ అను రాతిగని నుండి రావలెను. ఆ గని నదికి ఆవలి వైపున నున్నది. కర్మాగారమునకు కాలువనీరును నది దాటియే రావలెను. ఒక్క నదిపై ఒకటి రాతి కొఱకు, మఱియొకటి నీటి కొఱకు రెండు వంతెనలు కట్టుట వ్యయము. ఇదియే వారి చిక్కు.

వడ్రంగి కట్టిన ఇనుప వంతెన

ఈ చిక్కును విప్పినవాడు వాట్కిన్ జార్జి. ఇతడు మొదట వడ్రంగి. తన నేర్పుచే కవార్త్వా కర్మాగారమున యంత్రనిర్మాతయై, పిమ్మట యజమానులతో భాగస్వామియు నయ్యెను. ఏబది అడుగుల వ్యాసముగల ఇనుప నీటిచక్రము నొకదానిని ఇతడు నిర్మింపగా దానిని చూచుటకు దూరప్రాంతముల నుండి జనులు వచ్చెడివారు.

1793లో ఇతడు ట్యాఫ్ నదిపై కట్టిన వంతెన పొడవు సుమారు 47 అడుగులు, అనగా 14 మీటర్లు. పొడవున అది గొప్పది కాదు. మన తరగతి గదులు రెండింటిని వరుసగా చేర్చిన దానిని మించదు. గొప్పతనము దాని కూర్పులో నున్నది. రెండు ప్రక్కల ఏటవాలు ఇనుప దూలములు నది గట్ల నుండి లేచి, ‘ఏ’ అను ఆంగ్లాక్షరము వలె ఒండొంటికి ఆనుకొని నిలుచును. ఆ చట్రములు అడ్డుదూలములను మోయును. అడ్డుదూలములపై పోతఇనుప పలకలతో కూర్చిన పొడవైన తొట్టె కలదు. తొట్టెలోపల నీరు పాఱెను. తొట్టెపై మూతమీద ట్రాము పట్టాలు పఱచబడెను. ఇట్లు క్రింద నీరు, పైన సున్నపురాతి బండ్లు, ఒకే వంతెన మీదుగా కర్మాగారమునకు చేరెను. ఆ తొట్టె పలకలు నీటిని ఆపుటయే గాక, వంతెనకు నడకదారియు, బలమును కూడ అయినవి. ఒక్క వస్తువుచే మూడు పనులు జరుగుట ఇందలి విశేషము.

దాని అతుకులు ఇంకను విచిత్రములు. ఇనుప భాగములను నేడు మరలతోగాని, రివెట్లతోగాని, వెల్డింగుతోగాని కలుపుదురు. వాట్కిన్ జార్జి తనకు చిన్ననాటి నుండి తెలిసిన కొయ్యపని పద్ధతినే అవలంబించెను. ఒక దూలపు కొనను కుసిగా తీర్చి రెండవ దాని బెజ్జములో దూర్చుట, కొనను పావురపు తోకవలె విచ్చునట్లు చేసి అదే ఆకారముగల గాడిలో దించుట, ఇవి మన వడ్రంగులు తలుపు చట్రములకు, పెట్టెలకు నేటికిని చేయు అతుకులు. వీనినే అతడు ఇనుమున పోసెను. 1779లో కోల్‌బ్రూక్‌డేల్ సమీపమున సెవర్న్ నదిపై నిలిపిన ప్రసిద్ధమైన తొలి పెద్ద ఇనుప వంతెనలోను ఇట్టి అతుకులే కలవు. క్రొత్త లోహము చేతికి వచ్చినను, చేతికి తెలిసిన విద్య కొయ్యదే గదా! ఇది పాతదానిపై మూఢమైన మమకారము కాదు; ఎఱిగిన విద్య ఆధారముగా ఎఱుగని పనికి పూనుకొనుట.

పోతఇనుము గుణము, దోషము

ఈ కూర్పు ఏల అవసరమయ్యెనో గ్రహించుటకు విద్యార్థులు ఒక చిన్న ప్రయోగము చేయవచ్చును. ఒక సుద్దముక్కను బల్లపై నిలువుగా నిలిపి పైనుండి వ్రేలితో అదుముడు, అది తట్టుకొనును. దానినే రెండు చివరల పట్టుకొని వంచుడు; పుటుక్కున విఱుగును. పోతఇనుము సుద్ద కంటె అనేక రెట్లు బలమైనదైనను స్వభావమున దానివంటిదే. అదుముడును ఓర్చును, సాగదీతను ఓర్వదు. నేరుగా అడ్డముగా వేసిన దూలముపై బరువు పడినపుడు దాని పైభాగము అదుమబడును, క్రిందిభాగము సాగదీయబడును. కావున పోతఇనుమును ఉత్త దూలముగా వాడుట ప్రమాదకరము. ఏటవాలు దూలములు ఒండొంటికి ఆనుకొన్నచో బరువంతయు అదుముడుగా మాఱి గట్లలోనికి దిగును. మన ఇండ్ల పైకప్పు వాసములు ఒండొంటికి ఆనుకొని పెంకు బరువును గోడలకు దింపుటయు ఈ న్యాయమే.

ఈ న్యాయమును లెక్కచేయకుండుట వలన కలిగిన నష్టమునకు తరువాతి కాలమున నిదర్శనము కలదు. ఇంగ్లండులోని చెస్టర్ నగరము వద్ద డీ నదిపై పొడవైన పోతఇనుప దూలములతో కట్టిన రైలు వంతెన 1847 మే 24న బండి పోవుచుండగా విఱిగిపడెను. అయిదుగురు మరణించిరి. దాని నిర్మాత సామాన్యుడు కాడు. ప్రసిద్ధుడైన రాబర్ట్ స్టీఫెన్‌సన్. ఆ దుర్ఘటన తరువాత వంతెన దూలములకు పోతఇనుమును విడిచి చేతఇనుమును, మఱికొంత కాలమునకు ఉక్కును వాడజొచ్చిరి. అర్ధశతాబ్దికి ముందు ఒక వడ్రంగి చిన్న కొలతలో పాటించిన జాగ్రత్తకు పెద్ద నిర్మాణములలో ఎంత విలువ యుండునో దీనివలన తెలియుచున్నది.

దాని తరువాత వచ్చినవి

కవార్త్వా వంతెన కట్టిన మూడు నాలుగేండ్లలో ఇంగ్లండున లాంగ్డన్ అను చోట థామస్ టెల్ఫర్డ్ పడవల కాలువను నదిపై ఇనుప తొట్టెలో దాటించెను. 1805లో వేల్సులోని పాంట్కసల్టె వద్ద అదే పనిని మహోన్నతమైన కొలతలో చేసెను. మెర్థిర్‌లోని చిన్న తొట్టె వంతెన ఆ నిర్మాతలకు దారిచూపిన వానిలో ఒకటియని చరిత్రకారుల అభిప్రాయము. 1811లో మెర్థిర్‌కు చేరువనున్న ఏబర్డేర్ వద్ద రాబర్ట్స్‌టౌన్ అను చోట మఱియొక పోతఇనుప ట్రాము వంతెన లేచెను. అదియు నేటివఱకు నిలిచినది.

ఈ మెర్థిర్ లోనే 1804 ఫిబ్రవరి 21న మఱియొక వింత జరిగెను. పెనిడారెన్ కర్మాగారపు ట్రాము బాటపై ఒక ఆవిరియంత్రము పది టన్నుల ఇనుమును, దాదాపు డెబ్బదిమంది మనుష్యులను సుమారు పది మైళ్ళు లాగుకొని పోయెను. పట్టాలపై బరువు లాగిన మొదటి ఆవిరిబండి ఇదియే. దాని బరువునకు పోతఇనుప పట్టాలు పగులుటచే ఆ యంత్రము ఎక్కువకాలము నడువలేదు. దానిని నిర్మించిన రిచర్డ్ ట్రెవితిక్ కార్న్‌వాల్ గనుల సీమవాడు. ఆ కార్న్‌వాల్ పేరు మన ఊరివారికి క్రొత్త కాదు. పందొమ్మిదవ శతాబ్ది చివర జాన్ టేలర్ కంపెనీవారి వెంట ఈ కోలారు గనులకు వచ్చిన పనివారిలో, మేస్త్రీలలో చాలమంది ఆ సీమవారే.

మన దేశమునకు వచ్చిన విధము

ఇనుపబాట మన దేశమునకు ప్రయాణికులతో రాలేదు, రాళ్ళతో వచ్చినది. బొంబాయి నుండి ఠాణాకు 1853లో ప్రయాణికుల రైలు నడచుటకు పదునాఱేండ్లు ముందే, 1837లో, మదరాసు సమీపమున రెడ్ హిల్స్ వద్ద బాటలు వేయు రాయిని మోయుటకు పట్టాలు పఱచిరి. పిమ్మట తెలుగుగడ్డపై ధవళేశ్వరము వద్ద, ఆర్థర్ కాటన్ గోదావరికి ఆనకట్ట కట్టునపుడు, కొండరాయిని పట్టాలపై బండ్లతో ఏటికి చేర్చిరి. 1847లో ఆరంభమైన ఆ ఆనకట్ట 1852లో పూర్తియయ్యెను. కాటన్ దొర పేరు గోదావరి మండలమున నేటికిని ఇంటింట వినబడును. కాని ఆ రాళ్ళబండ్లను నెట్టినవారి పేళ్ళు ఎవరికిని తెలియవు.

ఇక మన ఊరి మాట. ఇచ్చటను గనులకు కావలసినవి మెర్థిర్ లో వలెనే నీరును, రాయియు. షాఫ్టు నుండి పైకి వచ్చిన బంగారపు రాతిని టబ్బులలో స్టాంపు మిల్లునకు చేర్చవలెను. అచ్చట దానిని పొడిచేయుటకును, బంగారమును వేఱుచేయుటకును నీరు కావలెను. పాలారు నదిపై బేతమంగళము చెఱువు నుండి గొట్టములలో నీరు వచ్చెను. టబ్బులలో రాయి వచ్చెను. మొదట ఆవిరితో నడచిన యంత్రములకు 1902లో శివసముద్రము నుండి సుమారు 92 మైళ్ళ తీగెలపై విద్యుచ్ఛక్తి వచ్చెను. గనుల లోతు చివరకు 3,000 మీటర్లను దాటెను. ఆ లోతునను టబ్బులకు పట్టాలే దారి.

నిలిచినది వంతెన మాత్రమే కాదు

కవార్త్వా కర్మాగారము 1919లో శాశ్వతముగా మూతపడెను. ఒకనాడు లోకములోని పెద్ద ఇనుప కర్మాగారములలో ఒకటిగా ఎన్నబడిన దాని కొలిములు చల్లారెను. మెర్థిర్ పట్టణము పనిలేక ఎన్నో ఏండ్లు బాధపడెను. కాని 1793 నాటి చిన్న వంతెన మిగిలినది. లోకమున నేటికి మిగిలిన ఇనుప రైలు వంతెనలలో అదియే మిక్కిలి పాతదని పండితులు చెప్పుచున్నారు. ప్రభుత్వము దానిని రక్షిత స్మారకముగా ప్రకటించినది.

దాని పేరు పాంట్ ఎ కవ్నై. అది వేల్షు మాట; తొట్టెల వంతెన యని అర్థము. ఈ సంగతిని మా పాఠకులు ప్రత్యేకముగా గమనింపవలెనని కోరుచున్నాము. కర్మాగారపు యజమాని ఆంగ్లేయుడు. లెక్కలు, ఉత్తరములు ఆంగ్లమున నడచెను. 1847లో ప్రభుత్వ విచారణాధికారులు వేల్షు భాష ప్రజల అభివృద్ధికి ఆటంకమని నివేదికలు వ్రాసి ఆ జాతి మనస్సును నొప్పించిరి. అయినను వంతెనకు ధనికుని పేరు నిలువలేదు. నిర్మాత పేరును నిలువలేదు. దాని మీదుగా ప్రతిదినము నడచినవారు తమ భాషలో, దాని పనిని బట్టి పెట్టిన పేరే నిలిచినది. 2011 నుండి వేల్షు ఆ దేశమున శాసనసమ్మతమైన అధికారభాష. ఆ పేరు నేడు పటములలోను, గ్రంథములలోను అట్లే కనబడుచున్నది.

మన గనులు 1956లో మైసూరు ప్రభుత్వమునకును, తరువాత కేంద్రప్రభుత్వమునకును వచ్చి, 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి. టబ్బుల పట్టాలు చాలవఱకు కనుమఱుగైనవి. షాఫ్టులలో నీరు నిండినది. సైనైడు దిబ్బలు మాత్రము ఊరిచుట్టును కొండలవలె నిలిచియున్నవి. గనిలో దిగి పనిచేసిన తరమువారు వృద్ధులైరి. ఏటేట వారి సంఖ్య తగ్గుచున్నది. తెలుగు, తమిళము, కన్నడము, ఆంగ్లము కలగలసిన వారి గనిమాటలు ఏ నిఘంటువులోను పూర్తిగా చేరలేదు. ఏ పనిముట్టును ఏమని పిలిచిరి, ఏ మలుపునకు ఏ పేరు పెట్టిరి, ప్రమాదసూచనగా ఏ కేక వేసిరి అను సంగతులు వారితోనే పోవు స్థితి వచ్చినది.

కావున విద్యార్థులకు మేము చెప్పునది ఇంతే. ఈ సెలవులలో మీ తాతనో, అవ్వనో, ఇరుగుపొరుగు పెద్దనో కూర్చుండబెట్టుకొని అడుగుడు. టబ్బు బాట ఏ షాఫ్టు నుండి ఏ మిల్లునకు పోయెడిది? నడుమ వాగుగాని, బాటగాని వచ్చినపుడు ఎట్లు దాటెడివారు? ఆ చోటును ఏమని పిలిచెడివారు? వారు చెప్పిన మాటను దిద్దక, వారు పలికినట్లే తెలుగు లిపిలో వ్రాసికొనుడు. కాగితముపై చిన్న పటము గీయుడు. తేదీయు, చెప్పినవారి వయస్సును గుర్తింపుడు. ఆ కాగితములను పాఠశాలకు తెచ్చి యిచ్చినచో మేము వానిని భద్రపఱచి, వచ్చు సంచికలో తగిన చోటు కల్పింతుము.